నీళ్ల రాకెట్‌కి లాంచర్ కట్టిన మూడు వారాలు – నా అనుభవం

మాది నాయుడుపేట. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు మా వీధిలో అందరూ మేడలెక్కేస్తారు. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు వచ్చినప్పుడు అలాగే మేడ మీద నిలబడి చూశాం, దిగేటప్పుడు వాడు "మామా, మనం కూడా ఒకటి ఎగరేద్దామా" అన్నాడు. వాడు ఎనిమిదో తరగతి. మందుగుండు జోలికి పోనని ముందే చెప్పేశాను, గాలి, నీళ్లు ఉంటే చాలు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం నీళ్లు పోసి తలకిందులుగా పెట్టి గాలి కొడితే లోపలి ఒత్తిడి నీళ్లని కిందికి నెడుతుంది, సీసా పైకి లేస్తుంది.

సీసాకి రెక్కలు అతికించడం గంట పని. ఒత్తిడి ఎక్కుతున్నంతసేపూ సీసాని గట్టిగా పట్టుకుని, మనం తాడు లాగినప్పుడు మాత్రమే వదిలే లాంచర్ చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. ఇక్కడ రాసేదంతా ఆ లాంచర్ సంగతే.

మొదట అందరూ చేసేదే చేశాం. రబ్బరు బిరడాకి ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే సూది గుచ్చి, సీసా మూతికి బిగించి సైకిల్ పంపుతో కొట్టాం. పనిచేస్తుంది కానీ ఎప్పుడు ఊడుతుందో మన చేతిలో లేదు. ఒకసారి పది పీఎస్‌ఐకే (టైర్లలో గాలి ఒత్తిడి చెప్పే కొలతే ఇది) జారిపోయింది, ఇంకోసారి ముప్ఫై దాటినా కదల్లేదు, వాడు దగ్గరికెళ్లి వంగి చూడబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ మరుక్షణమే ఊడింది. ఆ రోజే బిరడా పద్ధతి మానేశాం.

తర్వాత హార్డ్‌వేర్ షాపుకెళ్లి అరంగుళం పైపు అడిగితే సీపీవీసీ అనే రకం ప్లాస్టిక్ పైపు ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే సీసా మూతిలో వదులుగా ఊగుతోంది. రెండూ అరంగుళం పేరుతోనే అమ్ముతారు కానీ సీపీవీసీ బయటి కొలత 16 మిల్లీమీటర్ల లోపే, తెల్ల యూపీవీసీ 21 పైచిలుకు. కూల్‌డ్రింక్ సీసా మూతి లోపలి కొలత కూడా దాదాపు అంతే, కాబట్టి యూపీవీసీ సరిగ్గా దిగుతుంది. ఇది తెలియక రెండు రోజులు పోయాయి, మీకు పోకూడదని రాస్తున్నాను.

ఆ పైపుకి పైనుంచి రెండంగుళాల కింద ఆకురాయితో సన్నగా గాడి తీసి ఓ-రింగ్, అంటే గాలి, నీళ్లు కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు, ఎక్కించాం. కింద ఎల్బో అనే వంపు జాయింటు, దానికి చిన్న పైపు ముక్క, చివర మూసే ఎండ్ క్యాప్, క్యాప్‌కి రంధ్రం చేసి ట్యూబు తగిలించే ఇత్తడి నిపుల్. నిపుల్ నుంచి అయిదు మీటర్ల కంప్రెసర్ ట్యూబు, పంక్చర్ షాపుల్లో వాడే నల్లటిది. ట్యూబు రెండో చివర పాత బైక్ ట్యూబులోంచి కోసిన వాల్వు దూర్చి రెండు క్లిప్పులు బిగించాం. మామూలు సైకిల్ వాల్వు వద్దు, బైక్ వాల్వులో మధ్యన పిన్ను ఉంటుంది, అది నొక్కితే గాలంతా బయటికి పోతుంది. ఆ పిన్ను మన చేతి దగ్గరే ఉండాలి, లాంచర్ దగ్గర కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

సీసాని పట్టుకునేది ఎలక్ట్రికల్ షాపులో ట్యాగులంటారే, ఆ ప్లాస్టిక్ కేబుల్ టైలు. పది టైలని పైపు చుట్టూ తలలు పైకి ఉండేలా నిలబెట్టి కింద క్లిప్పుతో బిగించాలి. సీసా మెడ దగ్గర ఉండే అంచుని ఆ తలలు పట్టుకుంటాయి. వాటి చుట్టూ ఒకటిన్నర అంగుళం పైపు ముక్క ఒకటి ఉంగరంలా పైకి జరిపి పెడితే తలలు విచ్చుకోలేవు. తాడు కట్టి ఉంగరాన్ని కిందికి లాగితే పదీ ఒక్కసారి విచ్చుకుంటాయి, సీసా పోతుంది. తలలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, ఒక్కటి తేడాగా ఉన్నా సీసా పక్కకి ఒరుగుతుంది. మేం నాలుగుసార్లు విప్పి కట్టాం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. పీవీసీ గాలి ఒత్తిడికి చేసిన పైపు కాదు. గాలి నింపినప్పుడు పగిలితే గాజు పెంకుల్లా ముక్కలై ఎగురుతుంది. అందుకే పైపు వీలైనంత పొట్టిగా ఉంచి పైనంతా గట్టి టేపు చుట్టాం, గాలి నిలవ చేసే ట్యాంకు ఏదీ పెట్టలేదు, 60 పీఎస్‌ఐ దాటకూడదని ఒత్తిడి చూపే గేజి మీద ఎర్ర గీత గీశాం. గాలి కొట్టే ముందు మొత్తం నీళ్లతో నింపి పరీక్ష పెట్టాం, సీసాలో, పైపులో ఎక్కడా గాలి బుడగ లేకుండా. నీళ్లు గాలిలా కుదించుకోవు కాబట్టి లోపల పెద్దగా శక్తి నిలవ ఉండదు, జాయింటు ఊడినా కాస్త నీళ్లు చిమ్మి ఆగిపోతుంది. నిజంగానే 50 దగ్గర ఎండ్ క్యాప్ ఊడింది. పైపులు అతికించే సాల్వెంట్ రాసి రెండు గంటలే ఆగాను, తప్పు నాదే. నేల తడిసింది, అంతే. అదే గాలితో అయ్యుంటే అన్న ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త క్యాప్ వేసి ఒక రోజంతా ఆరనిచ్చి మళ్లీ నీళ్లతో 90 దాకా కొట్టి పది నిమిషాలు ఉంచాం. నిలబడింది.

సీసా కూడా సోడా, కూల్‌డ్రింక్‌దే తీసుకోండి, మంచినీళ్ల సీసా పల్చన. గీతలు పడ్డవి, ఎండలో వదిలేసినవి వాడొద్దు. రెక్కలు వేడి జిగురుతో అతికించొద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అక్కడే బలహీనమవుతుంది, మేం టేపుతో కట్టాం.

మొదటి ప్రయోగం ఊరి బయట పొలాల్లో, పొద్దున ఆరింటికి. ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లు, అంటే మూడో వంతు. 40 పీఎస్‌ఐ. తాడు లాగాడు, ఏమీ కాలేదు. ఉంగరం ఇరుక్కుంది. వాడు పరిగెత్తబోయాడు, ఆపి, అక్కడే కూర్చుని వాల్వు పిన్ను నొక్కాను. గేజి సున్నాకి వచ్చాక కూడా ట్యూబులోంచి నీళ్లు కారడం ఆగేదాకా ఆగి అప్పుడు దగ్గరికెళ్లాం. పిన్ను చేతి దగ్గర ఉండాలన్నది ఇందుకే. ఉంగరం లోపల కొంచెం కొబ్బరినూనె రాస్తే జారింది.

రెండోసారి లేచింది కానీ గాల్లో పల్టీలు కొట్టి పక్క చేలో పడింది. ముక్కు తేలికగా ఉంటే అంతే. పాత టెన్నిస్ బంతి సగానికి కోసి, లోపల కాస్త బంకమట్టి పెట్టి ముక్కుగా తగిలించాం. సీసా బరువు సరిపోయే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూశాం, ముక్కు ముందుండేలా తిరిగితే తిన్నగా పోతుందని అర్థం.

ఆ మధ్యాహ్నమంతా వాడు కోణమానినికి దారంతో నట్టు కట్టి ఎత్తు కొలిచే పరికరం చేసుకున్నాడు. మర్నాడు 60 పీఎస్‌ఐ. నలభై మీటర్ల దూరంలో నిలబడి చూస్తే నలభై డిగ్రీలు వచ్చింది. కాగితం మీద లెక్క వేసి, తన కంటి ఎత్తు కూడా కలిపి, "ముప్ఫై అయిదు మీటర్లు మామా" అన్నాడు. గట్టు మీది కొబ్బరిచెట్టు వైపు చూశాను, దాన్ని దాటి బాగా పైకి పోయిందని నాకూ తెలుస్తోంది. ఇద్దరం పూర్తిగా తడిసిపోయి ఉన్నాం. వాడు అప్పటికే సీసాలో మళ్లీ నీళ్లు పోస్తున్నాడు.