ఆత్మ ఏ రోజున వస్తుంది? శ్రీసభ చెప్పింది, చెప్పనిది

బిడ్డ కడుపులో పడిన క్షణంలోనే దేవుడు ఆత్మను పెడతాడని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధిస్తుందంటారు చాలామంది. ఈ మాట అనేవాళ్లలో కతోలికులే ఎక్కువ. నిజానికి బోధ అది కాదు. ఫలదీకరణం జరిగినప్పటి నుంచే ఆ ప్రాణిని మనిషిగా ఎంచి గౌరవించాలన్నది బోధ. ఆత్మ ఎప్పుడు చేరుతుందో శ్రీసభ అధికారికంగా తేల్చలేదు. గర్భస్రావం మీద 1974లో రోము విశ్వాస సిద్ధాంత విభాగం ఇచ్చిన ప్రకటనలో, ఈ ప్రశ్నను కావాలనే పక్కన పెడుతున్నామని ఒక అధోజ్ఞాపికలో (ఫుట్‌నోట్‌లో) రాశారు. జనం చదవనిది ఆ అధోజ్ఞాపికనే.

ముందు శరీరం సంగతి. అండం వ్యాసం మిల్లీమీటరులో పదోవంతు, అంటే ఈ వాక్యం చివర పెట్టిన చుక్క కన్నా చిన్నది. ఫెలోపియన్ నాళంలో శుక్రకణం దానిలోకి చొరబడగానే అండం మిగతా శుక్రకణాలకు తలుపు మూసేస్తుంది, ఆగిపోయిన తన విభజనను పూర్తిచేసుకుంటుంది. తల్లివి 23, తండ్రివి 23 క్రోమోజోములు రెండు చిన్న కేంద్రకాలుగా పక్కపక్కన కనిపిస్తాయి. మొదటి విభజనకు దాదాపు ఒక రోజు పైనే పడుతుంది.

అయితే ఇందులో 'క్షణం' ఏది? 1987లో రోము ఇచ్చిన 'దోనుం వీతే' పత్రం రెండు కేంద్రకాలు కలిశాక ఏర్పడే కణం నుంచి లెక్క వేసింది. మనుషుల్లో ఆ రెండూ కలిసి ఒకే కేంద్రకం కావు. పొరలు కరిగి, క్రోమోజోములు నేరుగా మొదటి విభజనకు బారులు తీరుతాయి. అందుకే శుక్రకణం పొర అండం పొరతో కలిసినప్పుడే మొదలని కొందరు కతోలిక ఆలోచనాపరులు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. ఎటు చూసినా తేడా ఒక రోజుకు మించదు.

వాదనల్లో గందరగోళం ఎక్కువగా వారాల లెక్క దగ్గర వస్తుంది. డాక్టర్లు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఫలదీకరణం దాదాపు రెండు వారాల తర్వాతి మాట. స్కాన్ రిపోర్టులో 'ఆరు వారాలు' అని ఉంటే పిండం వయసు నాలుగే. ఫలదీకరణం నుంచి 22వ రోజు ప్రాంతంలో మొదలయ్యే గుండె కదలిక, ఆస్పత్రి లెక్కలో ఐదు వారాలు దాటాక వస్తుంది. ఇంకో చిక్కు, 1965లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గర్భధారణ అంటే పిండం గర్భాశయానికి అతుక్కోవడమని నిర్వచించింది. అది జరిగేది ఆరేడు రోజుల తర్వాత. ఒకే మాట వాడుతూ ఇద్దరు వారం తేడాతో మాట్లాడుకుంటారన్నమాట.

మరి మధ్యయుగపు వేదాంతి పునీత తోమాసు అక్వినాసు ఏమన్నాడు? అరిస్టాటిల్‌ను అనుసరించి, శరీరం రూపు దిద్దుకున్నాకే మానవాత్మ వస్తుందన్నాడు. అరిస్టాటిల్ లెక్కలో మగపిండానికి 40 రోజులు, ఆడపిండానికి 90. నెలసరి రక్తాన్ని వీర్యం మెల్లగా మలుస్తుందనుకున్న కాలమది. క్షీరదాల అండాన్ని శాస్త్రవేత్త ఫాన్ బేర్ చూపించింది 1827లో. అయినా రూపు రాని పిండాన్ని తీసేయడం తప్పు కాదని అక్వినాసు అనలేదు, తప్పు రకం వేరన్నాడు. మారుతూ వచ్చింది శిక్ష. పోపుల్లో 1588లో ఐదవ సిక్స్తుసు అన్ని దశలకూ ఒకే శిక్ష పెట్టాడు, 1591లో పద్నాలుగవ గ్రెగోరీ దాన్ని సడలించాడు, 1869లో తొమ్మిదవ భక్తినాథుడు ఆత్మ చేరిన పిండం, చేరని పిండం అనే తేడానే తీసేశాడు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కవలలది. దాదాపు రెండు వారాల దాకా ఒక పిండం రెండుగా చీలవచ్చు. రెండు కాగలిగినది అప్పటికే 'ఒక మనిషి' ఎలా అవుతుంది? దీనికో జవాబుంది: ప్లనేరియా అనే చదును పురుగును రెండు ముక్కలు చేస్తే రెండు పురుగులవుతాయి. కోయకముందు అక్కడ పురుగే లేదని ఎవరూ అనరు. అయితే ఈ జవాబు జీవి సంగతి తేలుస్తుంది గానీ ఆత్మ సంగతి తేల్చదు. అక్కడ 1995 నాటి పోపు విశ్వలేఖ 'ఎవాంజేలియుం వీతే' తర్కమే దిక్కు: అక్కడ మనిషి ఉండే అవకాశమున్నా చాలు, చంపకూడదు. పాత బావి పూడ్చేముందు లోపల ఎవరూ లేరని తేల్చుకోవాల్సింది పూడ్చేవాడే కదా.

క్రోమోజోములుంటే మనిషి అని కూడా కాదు. పిండం బదులు నీటిబుడగల్లాంటి కణజాలం పెరిగే పూర్తి ముత్యాల గర్భంలో (మోలార్ ప్రెగ్నెన్సీ) సాధారణంగా 46 క్రోమోజోములూ తండ్రివే, పిండం ఉండదు. దాన్ని తొలగించడంలో నైతికమైన అడ్డేమీ లేదు. నాళంలో గర్భం నిలిచినప్పుడు దెబ్బతిన్న నాళం భాగాన్ని తీసేయడాన్ని కతోలిక నీతివేత్తలు ఒప్పుకుంటారు, ఎందుకంటే అక్కడ చేసేది తల్లి అవయవానికి చికిత్స. కణాల పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ మందు వాడవచ్చా అన్నదాని మీద వాళ్లలోనే వాదన నడుస్తోంది. ఐవీఎఫ్‌లో మిగిలి గడ్డకట్టించి ఉంచిన పిండాల విషయంలోనైతే 2008 నాటి రోము పత్రం 'దిగ్నితాస్ పెర్సోనే' ఇది పరిష్కారం లేని అన్యాయమని ఒప్పుకుంది.

గర్భస్రావమైన పిండంలో ప్రాణముంటే వీలైనంతవరకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వాలని శ్రీసభ చట్టం 871వ సూత్రం. అత్యవసరంలో నర్సయినా, తండ్రయినా ఇవ్వవచ్చు. మామూలు నీళ్లు చాలు, కానీ తల మీద పారాలి. తడివేలితో తాకి వదిలేస్తే చెల్లిందో లేదో అనుమానమే. పోస్తూనే 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను' అనాలి. 'నేను' బదులు 'మేము' అంటే చెల్లదని 2020లో రోము తేల్చింది. ప్రాణం ఉందో లేదో తెలియకపోతే ముందు 'నీవు జీవించి ఉన్నచో' అని చేర్చాలి. ప్రాణం పోయిందని ఖాయమైతే జ్ఞానస్నానం ఇవ్వరు, అది బతికున్నవారికే. తల్లిదండ్రులు ఇప్పించాలని అనుకుని ఉంటే మాత్రం, మేత్రాణుల (బిషప్) అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరిపించవచ్చు.