సాల్మన్ డబ్బాలకు రష్యా చిక్కు: నా అనుభవం

అమెరికాలో చేపలు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో కాగితాల పని నాది. భీమవరంలో మా చుట్టాలు "అక్కడా రొయ్యలేనా?" అని నవ్వుతారు. రొయ్యలూ ఉన్నాయి. టెన్షన్ పెట్టింది మాత్రం సాల్మన్.

ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చిలో రష్యా చేపల దిగుమతిని అమెరికా నిషేధించింది. కానీ రష్యా పడవలు పట్టిన పొలాక్ చేప చైనా వెళ్లి, అక్కడ ముక్కలై ప్యాకెట్లలోకి ఎక్కితే కస్టమ్స్ లెక్కలో అది చైనా సరుకే. ఆ దారిని 2023 డిసెంబర్ 22న మూసేశారు. సాల్మన్, కాడ్, పొలాక్, పీతలు రష్యా జలాల్లో గానీ, రష్యా జెండా ఉన్న పడవతో గానీ పట్టినవైతే, ఏ దేశంలో ఏ రూపంలోకి మార్చినా రానివ్వరు. డబ్బాల్లో నిల్వ చేసినా అంతే. నార్వే పడవైనా సరే, రష్యా జలాల్లోకి వెళ్లి కాడ్ పడితే అదీ చెల్లదు.

అప్పటికి ఆసియా నుంచి మా సాల్మన్ డబ్బాలు బయలుదేరాల్సి ఉంది. చేప రష్యాది కాదని రాసిమ్మంటే, "మా ఫ్యాక్టరీ రష్యాలో లేదు" అని సప్లయర్ జవాబు! వల ఎక్కడ వేశారో చెప్పమన్నాను. "ఎఫ్ఏఓ 61" అని పంపాడు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) వేట ప్రాంతాలకు పెట్టిన నంబర్లలో అది వాయవ్య పసిఫిక్. అందులో జపాన్ జలాలూ ఉన్నాయి, రష్యావీ ఉన్నాయి. మళ్లీ మొదటికొచ్చాం.

కాడ్ విషయంలో ఇంత గొడవ లేదు. చేపల దొంగ వేటను అరికట్టే అమెరికా పథకం కింద పడవ పేరు, జెండా, వేట ప్రాంతం ముందునుంచే ఇవ్వాలి. సాల్మన్, పొలాక్ ఆ పథకంలో లేవు కాబట్టి ఫ్యాక్టరీ వాళ్లు ఆ వివరాలు ఎప్పుడూ అడిగి ఉంచుకోలేదు.

చివరికి డబ్బా మూత మీది బ్యాచ్ కోడ్ పట్టుకుని వెనక్కి నడిచాం: ఏ రోజు ప్యాకింగ్, ఆ రోజు ఏ లాట్ చేప కరిగించారు, దాన్ని ఏ వ్యాపారి అమ్మాడు, ఏ రేవులో దించారు. కొన్ని బ్యాచ్‌ల చేప అమెరికాలోని అలాస్కాలో పట్టిందని కాగితాలు దొరికాయి. మరికొన్నింట్లో ఇద్దరు వ్యాపారుల చేప కలిసిపోయింది, రెండోవాడి దగ్గర ఉత్త ఉత్తరం తప్ప ఏమీ లేదు. వాటిని వదిలేయమన్నాను. బాస్‌కు నచ్చలేదు, కానీ కస్టమ్స్ ముందు సంతకం పెట్టాల్సింది మేమే. డబ్బా మూత పడ్డాక చేప ఏ నీళ్లదో చూసి చెప్పేవాడెవడూ లేడు. ఈ నిషేధమంతా కాగితాల మీదే నిలబడింది, అదే దాని బలహీనత అని నా అభిప్రాయం.

వదిలేసిన డబ్బాలను సప్లయర్ వేరే దేశానికి అమ్ముకున్నాడు. నిషేధం అమెరికాది, ఆయన దేశానిది కాదు కదా. ఇప్పుడు సాల్మన్‌కు పడవ వివరాలు అందాకే అడ్వాన్స్ పంపుతున్నాం. ఆయన మాత్రం ఆ షరతుకు ఒప్పుకోలేదు. ఆయన దగ్గర ఇప్పుడు ఆ 2023 జాబితాలో లేని ట్యూనా చేప ఒక్కటే కొంటున్నాం.