తూము కింద చల్లని నీళ్లు

మార్చి ఆఖరి వారంలో అంబాజీపేట దగ్గరి మా మేనమామగారి ఊరికి వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లో అందరూ ఒకటే మాట అడిగారు: ఇంత ఎండలో అక్కడ ఏం చేస్తావు? గాలం వేస్తానన్నాను. ఆ ఊరి చిన్న కాలువల్లో, ఎండలు ముదరడం మొదలయ్యే రోజుల్లో, చేప ఏ చోట ఉంటుందో, ఏ వేళకు మేతకు వస్తుందో చూడాలని మూడేళ్లుగా నా మనసులో ఉంది.

ఆ కోరిక పుట్టింది గోదావరి దగ్గర కాదు, హిమాచల్‌లో. మూడేళ్ల కిందట మే నెలలో తీర్థన్ లోయలో గుషైనీ దగ్గర ఒక వారం ఉన్నాను. అక్కడ ట్రౌట్ చేపలకు ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నాను. ఇందులో ఎర్ర ఉండదు, పిండి ఉండదు. ఈకలు, దారం, కాస్త బొచ్చు కలిపి గాలానికి ఈగలా చుట్టి, దాన్ని నీటి మీద వాల్చాలి. ఆ ఈగకు బరువే ఉండదు కాబట్టి దారమే బరువుగా ఉంటుంది. దాన్ని వెనక్కీ ముందుకూ ఊపి విసిరితే చివరనున్న ఈగ మెల్లగా వచ్చి నీటి మీద కూర్చుంటుంది. మే నెలలో అక్కడ ఎండ పెరిగిన కొద్దీ పైన మంచు కరిగి పెద్ద నది ఉరకలు వేస్తుంది. అప్పుడు ఫలాచన్ లాంటి పక్క వాగుల్లోకి వెళ్లి, రాళ్ల వెనక నీరు ఊపిరి తీసుకునే చోట్లు వెతుక్కోవాలి.

నాకు నేర్పిన ఆయన మొట్టమొదట కర్ర చేతికి ఇవ్వలేదు. నీళ్లలో చేయి పెట్టమన్నాడు. ట్రౌట్ చన్నీటి చేప. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఆయాసం మొదలవుతుంది. ఆ వేళ పట్టుకున్న చేపను వదిలిపెట్టినా బతకడం కష్టం. అందుకే తెలిసినవాళ్లు వేడి మధ్యాహ్నాల్లో దారం చుట్టేసి ఒడ్డెక్కుతారు. కారణం సూటిగానే ఉంది: నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి ఇమడదు. అంటే మన గోదావరి కాలువలు, ట్రౌట్ ఒక పూట కూడా నిలవలేని నీళ్లు. మరి అదే నీటిలో మన చేపలు ఎలా కాపురం చేస్తున్నాయి? చిన్నప్పుడు సెలవుల్లో నేను ఈత కొట్టిన ఆ కాలువలను ఎన్నడూ ఆ కంటితో చూడలేదే అని అప్పుడు అనిపించింది.

తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగి, బస్సెక్కే ముందు ధవళేశ్వరం వెళ్లాను. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన కాటన్ ఆనకట్ట చోట ఇప్పుడు బ్యారేజీ ఉంది. వేసవిలో దాని దిగువన ఇసుక తిన్నెలే ఎక్కువ. తూర్పు డెల్టాకు నీళ్లు ధవళేశ్వరం వైపు నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వైపు నుంచి, కోనసీమకు బొబ్బర్లంక నుంచి బయలుదేరతాయి. దాళ్వా (రెండో పంట వరి) చివరికి గోదావరిలో సొంత నీళ్లు తగ్గిపోతే, సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్లే ఈ చేలకు ఆధారం. మన్యం కొండల నుంచి వచ్చే ఆ నీళ్లే మా మామయ్య చేలకు నీరు తెచ్చే బోదెలో, అంటే పిల్లకాలువలో, పారతాయని తెలిశాక ఆ బోదె మీద నాకు గౌరవం పెరిగింది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య నుంచి బస్సు మారి, పది గంటలకల్లా ఊళ్లో ఉన్నాను.

మొదటి రోజు వృథా అయింది. అయినా దాని గురించి చెప్పి తీరాలి.

ట్రౌట్ వాగుల దగ్గర నేర్చుకున్న లెక్క ప్రకారం వేసవిలో మంచి వేళ తెల్లవారుజాము. రాత్రంతా నీరు చల్లబడి ఉంటుంది కదా. అందుకని అయిదింటికే లేచి కొబ్బరితోట వెనక ఉన్న మురుగు కాలువ దగ్గరికి వెళ్లాను. ఒడ్డు పొడవునా గుర్రపుడెక్క, మధ్యలో పలకంత పలకంత ఖాళీ నీళ్లు. ఆ ఖాళీల్లో వందల కొద్దీ చిన్న నోళ్లు పైకి తేలి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నా గుండె ఝల్లుమంది. ఇన్ని చేపలు మేతకు లేచాయనుకున్నాను. గంటన్నర సేపు ఈగలు మార్చి మార్చి విసిరాను. ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చి చెప్తే మామయ్య తరవాణి గ్లాసు నా చేతికిచ్చి, "అవి మేతకు రాలేదు అల్లుడూ, గాలికి వచ్చాయి" అన్నారు. ఆయన కొన్నేళ్లు చేపల చెరువు కౌలుకు చేశారు. రాత్రి మూడింటి నుంచి తెల్లారేదాకా చెరువుల వాళ్లకు ఎందుకు కంటి మీద కునుకు ఉండదో వివరంగా చెప్పారు. పగలు నాచు, నీటి మొక్కలు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో పాటు దాన్నే వాడుకుంటాయి. తెల్లవారే సరికి నిలవ నీటిలో మిగిలేది బహు తక్కువ. అందుకే ఆ వేళ నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు, అందుకే చేపలు తేలతాయి. పారే చన్నీటి వాగులో ప్రాణం పోసే వేళ, నాచు పట్టిన నిలవ నీటిలో ప్రాణం మీదికి వచ్చే వేళ. ఇరవై నిమిషాల్లో మామయ్య చెప్పిన ఈ మాట నాకు ఆ యాత్ర మొత్తంలో దొరికిన మొదటి పెద్ద చేప.

పక్కింటి తాతగారిని మామయ్యే పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి. వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు, ఆయన సరంజామా అంతే. నా పెట్టెలోని ఈగలను ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశారు. "పనితనం బాగుంది బాబూ. కానీ మన కొరమీను ఇంత చిన్నదానికి ఒళ్లు కదపదు. దానికి కప్ప కావాలి" అన్నారు. "ఎప్పుడు వెళ్దాం తాతగారూ?" అంటే, "ఎల్లుండి మన బోదెకు వంతు. నీళ్లు రానీ" అన్నారు.

దాళ్వా ఆఖరున కాలువలకు నీళ్లు వంతులవారీగా వదులుతారు. కొన్ని రోజులు ఈ కాలువకు, కొన్ని రోజులు ఆ కాలువకు. రైతుకు అది గింజ పాలు పోసుకునే వేళ అందవలసిన తడి. చేపకు ఏమిటో అప్పటివరకు నేను ఆలోచించలేదు.

మధ్యలో దొరికిన ఒక రోజు కప్ప తయారీలో గడిచింది. పాత రబ్బరు చెప్పు నుంచి బొటనవేలంత ముక్క కోసి, ముందు వైపు కాస్త గుంటగా చెక్కాను. అలా చెక్కితే దారం లాగినప్పుడు నీటిని కొట్టి బుడుంగుమంటుంది. వెనక కాళ్లకు కొబ్బరి పీచు కట్టాను. అత్తయ్య పెంచే నల్లకోడి మెడ ఈకలు రెండు చుట్టూ తిప్పాను. నీటి అంచున అల్లుకునే తూటికాడ తీగలకు తగులుకోకుండా గాలం మొన ముందు మందపాటి నైలాన్ దారాన్ని వంపుగా కట్టాను. తొట్టిలో వేసి లాగి చూస్తే పీచు కాళ్లు ముడుచుకుంటూ చాచుకుంటూ నిజం కప్పలాగే ఈదాయి. హిమాచల్‌లో నేను చుట్టిన ఏ ఈగ మీదా నాకు ఇంత ప్రేమ కలగలేదు.

వంతు రోజు ఉదయం ఏడింటికి తూము దగ్గరికి చేరాం. పంట కాలువ గట్టులోంచి బోదెలోకి నీళ్లు దిగే చోటు అది. సిమెంటు గొట్టం, దాని కింద నీటి దెబ్బకు ఏర్పడిన మడుగు. రెండు నులక మంచాలంత ఉంటుంది, అంతకు మించి లేదు. అప్పుడే తలుపు ఎత్తారు. ముందుగా నురగ వచ్చింది. దాని వెంట ఎండుటాకులు, కొబ్బరి పూత, గట్టు పగుళ్లలో దాక్కున్న చీమలు, చిమ్మటలు, ఒక మిడత. బోదె అడుగున నెర్రెలిచ్చిన ఒండ్రు నీళ్లు తాగుతూ సన్నగా చిటపటలాడింది. అరగంటలో నీరు మోకాలి లోతు అయింది.

నీళ్లలో చేయి పెట్టాను. ఎంత చల్లగా ఉందో! థర్మామీటరు పెడితే 26. ముందు రోజు మధ్యాహ్నం ఇదే బోదెలో నిలిచిన నీటిలో 33 చూశాను. ఏడు డిగ్రీల తేడా. గొట్టంలోంచి దూకే నీరు గాలిని వెంటబెట్టుకుని మడుగులోకి దిగుతోంది. ఇక చెప్పేదేముంది, ఊళ్లోని చేపలన్నీ పెళ్లిపందిట్లోకి వచ్చినట్టు వచ్చాయి. పరిగెలు నీటి ధారకు ఎదురు నిలబడి ఒక్కసారిగా తెల్లగా మెరుస్తున్నాయి. కొట్టుకొచ్చిన చీమలను ఏరుకుంటున్నాయి. తీర్థన్‌లో రాయి వెనక ట్రౌట్ నిలబడే తీరు అచ్చంగా ఇదే, ముఖం ధారకు ఎదురుగా, తోక మాత్రం మెల్లగా ఊపుతూ. చేపల జాతులు వేరు, నీళ్లు వేరు. నిలబడే చోటు ఒక్కటే.

కొరమీను మాత్రం ఆ గుంపులో లేదు. తాతగారు కనుసైగతో చూపించారు. మడుగు అంచున తూటికాడ నీడలో, ధార తగలని చోట, ఒక బుడగ లేచి పగిలింది. కొరమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు. తలలో గాలి నింపుకునే గది ఉంటుంది, అందుకని మధ్యమధ్య పైకి వచ్చి గుటక వేసి వెళ్తుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వేడి కాలువల్లో దాని ధీమా అదే. "గుటక వేసిన చోట వేయకు. మూర ముందుకు వేయి. దాని తల అటు ఉంది" అన్నారు తాతగారు.

వెనక కొబ్బరిచెట్టు ఉంది కాబట్టి దారం పూర్తిగా ఊపడానికి వీల్లేదు. పక్కవాటంగా ఒక్క విసురు విసిరాను. కప్ప తూటాకు మీద పడింది. మెల్లగా లాగితే ఆకు మీంచి నీళ్లలోకి జారింది. బుడుంగ్. ఆగాను. మళ్లీ బుడుంగ్. నీడలోంచి నీరు ఉబ్బి, బాణంలా కదిలి, కప్ప ఉన్న చోట పెద్ద చప్పుడుతో బద్దలైంది.

ట్రౌట్ ముట్టగానే కర్ర ఎత్తాలి. లేకపోతే ఈగను ఉమ్మేస్తుంది. నా చేయి అలవాటుగా లేవబోతుంటే తాతగారు మణికట్టు పట్టుకున్నారు. "మింగనీ" అన్నారు. ఒకటి, రెండు అని ఆయన లోగొంతులో లెక్కపెట్టడం వినిపించింది. తర్వాత వదిలారు. కర్ర విల్లులా వంగింది. అయిదు నిమిషాల పెనుగులాట. అది తూటికాడ వేళ్లలోకి లాగుతుంది, నేను ధారవైపు లాగుతాను. చివరికి గట్టుమీదకు తెచ్చాక చూస్తే కిలోకు కాస్త పైన ఉంటుంది. పాము తల, నల్లటి వీపు, పక్కలకు దిగిన వంకర చారలు, పాలలాంటి పొట్ట. గట్టు మీద గడ్డిలో కూడా అది ఏ తొందరా లేకుండా గాలి పీలుస్తూ మా ఇద్దరినీ చూసింది.

ఆ మధ్యాహ్నం అత్తయ్య పుల్లమామిడికాయ వేసి పులుసు పెట్టింది. నేను పట్టి వదిలేసే పద్ధతి నేర్చుకుని వచ్చినవాణ్ణి. అయినా పొద్దున పట్టిన చేపను పూటకు సరిపడా వండుకుని తినడంలో నాకు తప్పు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించడం లేదు. తాతగారి లెక్కా అదే. ఇంటికి ఒకటి. సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక పడిన రెండోదాన్ని ఆయనే తడిచేతులతో గాలం తీసి నీళ్లలోకి దింపారు.

తొమ్మిది నుంచి నాలుగు వరకు మాత్రం వేయడం దండగ. ఆ మూడు రోజులూ ప్రతి గంటా వేసి చూశాను. ఎండ నిటారుగా పడినప్పుడు చేప ఉంటుంది, కానీ నోరు కట్టుకుని ఉంటుంది.

నాలుగో రోజు వంతు అయిపోయింది. మధ్యాహ్నానికి తూము తలుపు దించేశారు. జాన జానగా నీరు తగ్గిపోయి, సాయంత్రానికి మడుగు ఒక మంచమంత అయింది, తర్వాత గంపంత. కోతలు అయ్యాక కాలువలే కట్టేస్తారు. అప్పుడు ఇలాంటి గుంటల్లో చిక్కిన చేపలను బుట్టలతో తోడేస్తారని తెలుసు. నా కర్ర ఇంకా చేతిలోనే ఉంది. మడుగులో కనీసం మూడు కొరమీలు కనిపిస్తున్నాయి. విసిరితే చాలు.

"వేయమంటారా తాతగారూ?"

ఆయన అప్పటికే దారం బెండు చుట్టూ చుట్టేసుకున్నారు. "తొలకరికి పిల్లలు పెట్టేది ఇవే కదా బాబూ" అని గట్టు మీద కూర్చున్నారు.

నేనూ కప్పను విప్పి పెట్టెలో పెట్టి పక్కన కూర్చున్నాను. చీకటి పడబోతుండగా మూడింటిలో పెద్దది మడుగు అంచు ఎక్కింది. తడి ఒండ్రు మీద పొట్ట ఆనించి, ముందు రెక్కలు చెరో పక్క పొడుస్తూ, ఒళ్లు మెలితిప్పుతూ పాకడం మొదలుపెట్టింది. రెండు బారల దూరం పోయాక ఆగి నోరు తెరిచి గాలి మింగింది. మళ్లీ పాకింది. దాని వెనక ఒండ్రులో జారుడు గీత మిగిలింది. బోదె దిగువన కొబ్బరి నీడలో లోతైన గొయ్యి ఒకటి ఉంది. అక్కడికి చేరడానికి దానికి పావుగంట పట్టింది. తల లోపలికి, తర్వాత తోక. నీళ్లు ఒకసారి కదిలి ఊరుకున్నాయి.