పన్నెండేళ్ల స్కేలు, దొరకని ఎస్‌ఆర్

పన్నెండేళ్ల స్కేలుకి నేను దరఖాస్తు పెట్టింది 2022 చివర్లో. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోయిన నాలాంటి జూనియర్ అసిస్టెంట్లకు ఇన్నేళ్లకని పై జీతం స్కేలు ఇస్తారు, దానిపేరు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్. పేరులోనే ఆటోమేటిక్! వెనకాల పడకపోతే కాగితం బల్ల దాటదు. ప్రమోషన్‌కి కావాల్సిన డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఎప్పుడో పాసయ్యాను కాబట్టి ఆ టెన్షన్ లేదు.

అడ్డం పడింది సర్వీసు రిజిస్టరు, మేం ఎస్‌ఆర్ అనేది. ఆ ఏడాది ఏప్రిల్ 4న పాత తూర్పుగోదావరిని విడగొట్టి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా పెట్టారు. మమ్మల్ని ‘ఆర్డర్ టు సర్వ్’ మీద, అంటే అక్కడికెళ్లి పనిచేయమని తాత్కాలికంగా ఇచ్చే ఉత్తర్వు మీద, ఇటు సర్దారు. మేం బస్సెక్కి వచ్చేశాం, ఫైళ్లు మూటల్లో వచ్చాయి. నా ఎస్‌ఆర్ మాత్రం రాలేదు. పాత ఆఫీసులో అడిగితే "పంపేశామండి" అంటారు, కొత్త ఆఫీసులో "మాకు అందలేదండి" అంటారు. ఇంక్రిమెంట్లు, సెలవుల లెక్క, టెస్టులు పాసైన ఎంట్రీలు అన్నీ ఉండేది అందులోనే. అది లేకుండా స్కేలు ఎవరిస్తారు? సెలవు పెట్టుకుని ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడలోని పాత ఆఫీసుకి పోవడం, ఉత్త చేతులతో రావడం.

ఉద్యోగుల సంఘం దగ్గరికి వెళ్లమని మా సీనియర్ ఒకాయన చెబితే నాకు మనసొప్పలేదు. చందా కట్టడం, జనవరిలో డైరీ తీసుకోవడం, అంతవరకే నా సంబంధం. పైగా పీఆర్సీ, అంటే జీతాల సవరణ, మీద కోపం ఇంకా చల్లారలేదు. 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్నవాళ్లకి సవరణలో పెంపు, అదే ఫిట్‌మెంట్, 23 శాతమే ఇచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ నిరసనకి అంత జనం వెళితే, రెండు రోజులకే సంఘాల నాయకులు మంత్రులతో మాట్లాడి సమ్మె విరమించారు. అంత పెద్ద విషయంలోనే అలా చేసినవాళ్లు నా ఒక్కదాని రిజిస్టరు పట్టించుకుంటారా అనిపించింది.

అయినా ఒక సాయంత్రం మా సంఘం ఆఫీసు ఎన్జీవో హోమ్‌కి వెళ్లాను. సంఘం సెక్రటరీ గారు నా కథంతా విని, "డిస్పాచ్ నంబరు ఉందామ్మా?" అన్నారు. లేదన్నాను. "ఆయ్, మరి పంపేశామంటే ఎలా నమ్మేస్తారండి?" అని ఒక తెల్లకాగితం నా ముందుకి తోశారు. ఎస్‌ఆర్ పోయిందని రాయొద్దన్నారు. పోయిందంటే బాధ్యుడెవరన్న విచారణ మొదలై ఏళ్లు పడుతుందట. ఏ తేదీన, ఏ నంబరుతో పంపారో, ఎవరు అందుకున్నారో తెలియజేయమని రెండు ఆఫీసులకూ త్రూ ప్రాపర్ ఛానెల్, అంటే మా పై అధికారి ద్వారా, రాయించారు, అక్నాలెడ్జ్‌మెంట్ మీద స్టాంపు వేయించుకునే దాకా కౌంటర్ వదలొద్దన్నారు.

తర్వాత ఆయన చేసిందే అసలు పని. మా శాఖలో ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్ల పేర్లన్నీ పోగుచేసి ఒక జాబితా తయారుచేశారు. ఒకరి అర్జీ ట్రేలో పడి ఉంటుంది, జాబితా అయితే కలెక్టర్ గారి అధ్యక్షతన అధికారులు, ఉద్యోగ సంఘాలు కూర్చునే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ అజెండాలోకి ఎక్కుతుంది. మినిట్స్‌లో పడిందంటే ఏం చేశారో తర్వాతి మీటింగులో ఆ శాఖ అధికారి చెప్పుకోవాలి. అంతకుముందు నన్ను కూర్చోమని కూడా అనని గుమాస్తా తనే ఫోన్ చేసి, "మేడం, మీ తండ్రిగారి పేరు చెప్పండి" అని అడిగాడు.

రిజిస్టరు వేరే సెక్షన్ మూటలో దొరికింది. అట్ట ఊడిపోయింది, చివరి రెండు ఇంక్రిమెంట్లు ఎక్కలేదు, యాన్యువల్ వెరిఫికేషన్ సంతకాలు లేవు. అవన్నీ వేయించడం మరో తిరుగుడు, అది సరే. స్కేలు ఇస్తూ ప్రొసీడింగ్స్ వచ్చాయి, జీతం పెరిగింది. అరియర్స్ బిల్లు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోనే కూర్చుంది. సెక్రటరీ గారిని అడిగితే, "అది అమలాపురంలో తేలేది కాదమ్మా" అన్నారు.

జాబితాలో ఒకావిడ ఎస్‌ఆర్ ఇంకా దొరకలేదు. పాత పే బిల్లులు పెట్టుకుని డూప్లికేట్ రాయిస్తున్నారు. నా ఎస్‌ఆర్‌ని మొదటి పేజీ నుంచి జిరాక్స్ తీయించి, ఆఫీసర్ గారితో అటెస్ట్ చేయించి ఇంట్లో పెట్టుకున్నాను.