పతకం అంచున ఉన్న తేదీ

బ్రిటన్‌లో ఒక వేలంలో కొన్న వెండి పతకం ఎవరిదో తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు నా తొందరపాటు వల్లనే పోయాయి.

అమ్మినవారి చీటీలో "1824 నాటి పతకం" అని ఉంది. పతకం మీద ఆ సంవత్సరం ఉన్నమాట నిజమే కానీ, దానితోపాటు 1860 కూడా ఉంది, నడుమ విక్టోరియా రాణి ముఖం ఉంది. ఆమె గద్దెనెక్కినదే 1837లో. సముద్రంలో ఆపదపాలైనవారిని కాపాడేందుకు సర్ విలియం హిల్లరీ చొరవతో ఒక సంస్థ, అంటే నేటి రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్, పుట్టిన సంవత్సరం 1824. దానికి రాజశాసనం దక్కిన సంవత్సరం 1860. ప్రాణాలు కాపాడినవారికి ఆ సంస్థ ఇచ్చిన తొలి పతకాలపై నాలుగవ జార్జి ముఖం ఉండేది, 1862లో విక్టోరియా ముఖం వచ్చింది, 1937 నుంచి హిల్లరీ ముఖమే వేస్తున్నారు. కనుక నా పతకం కాలం ముఖాన్ని బట్టే కొంత తేలిపోయింది.

వెనుకవైపు విలియం వయన్ రూపొందించిన బొమ్మ ఉంది: పడవలోని ముగ్గురు నావికులు నీటిలో మునిగిపోతున్న మనిషిని పైకి లాగుతుంటారు, చుట్టూ "అగాధ సముద్రము నన్ను మింగనియ్యకుము" అనే అర్థం వచ్చే, బైబిలు 69వ కీర్తనలోని మాట. ఆ బొమ్మ అందానికి మురిసి, అంచును సరిగా చదవలేదు. అక్కడ గ్రహీత పేరు, ఒక తేదీ చెక్కి ఉన్నాయి. ఆ తేదీ పట్టుకొని నాటి దినపత్రికలన్నీ గాలించాను; ఆ రోజున ఏ ఓడా మునగలేదు. పతకం నకిలీదేమోనన్న అనుమానం కూడా వచ్చింది.

ఒక సాయంత్రం దీపాన్ని ఏటవాలుగా పెట్టి, భూతద్దంతో చూసినప్పుడు తేదీకి ముందు "ఓటెడ్" అన్న మాట కనిపించింది. అది ప్రమాదం జరిగిన రోజు కాదు, సంస్థ కార్యవర్గం పతకం ఇవ్వాలని తీర్మానించిన రోజు. తీరం నుంచి నివేదిక లండన్ చేరి, విచారణ ముగిసేసరికి వారాలు గడిచేవి. (తళతళలాడించాలని అంచును రుద్ది ఉంటే ఆ మాట అరిగిపోయేదే, నల్లబడిన వెండిని అలాగే ఉండనివ్వడం మేలు.)

అక్కడి నుంచి వెనక్కి వెళుతూ, సంస్థ 1852 నుంచి వెలువరిస్తున్న "ది లైఫ్‌బోట్" పత్రిక పాత సంచికలు తిరగేస్తే, నాలుగు వాక్యాల్లో ఆ సంఘటన దొరికింది. ఆయనతో పడవెక్కిన మరో ఇద్దరి ప్రస్తావన కూడా అందులోనే ఉంది. వారికి పతకం కాదు, నగదు ఇచ్చారు.