తాబేళ్ల నడకకు మా అబ్బాయితో

పిల్లలకు ప్రకృతి గురించి మనం చెప్పేకన్నా, రోజూ దాని మధ్య తిరిగేవాళ్ల వెంట పంపడం మేలని నా గట్టి నమ్మకం. చెన్నైలో అందుకు మంచి వీలుంది. ఎస్‌ఎస్‌టీసీఎన్ (స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్) అనే స్వచ్ఛంద బృందం 1988 నుంచి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గుడ్లను కాపాడుతోంది. ఏటా జనవరి నుంచి ఆ సీజన్లో, వారాంతపు రాత్రుళ్లు నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా వాళ్లతో పాటు మనమూ నడవొచ్చు.

ఐదో తరగతి పిల్లాడు అర్ధరాత్రి ఇసుకలో ఆరేడు కిలోమీటర్లు నడవగలడా అని నాకు ఒకటే టెన్షన్. మధ్యాహ్నం బలవంతాన పడుకోబెట్టాను. టార్చి వేయొద్దు, తాబేలు కనిపిస్తే ఎదురుగా వెళ్లొద్దు అని వాళ్లు ముందే చెప్పారు.

చాలాసేపు ఏమీ కనబడలేదు. వాడు విసుక్కోబోతుండగా ముందు నడుస్తున్న అమ్మాయి ఆగింది. ట్రాక్టర్ టైరు దొర్లినట్టు ఇసుకలో రెండు జాడలు. "వచ్చిన దారి ఏది, వెళ్లిన దారి ఏది?" అని వాణ్నే అడిగింది. నేను నోరు తెరవబోతే చేత్తో వారించింది. వాడు మోకాళ్ల మీద కూర్చుని, రెండూ కలిసే చోట వేలు పెట్టి, "ఇది దాని మీదుగా పోయింది కదక్కా, ఇదే వెళ్లింది" అన్నాడు. నేను చెప్పేసి ఉంటే ఆ జాడను అంత దగ్గరగా చూసేవాడే కాదు.

తర్వాత ఒకతను కర్రతో మెల్లగా గుచ్చుతూ పోయాడు. ఒకచోట కర్ర మెత్తగా దిగింది. అక్కణ్నుంచి చేతులతోనే తవ్వారు. లోపల తెల్లటి, మెత్తని పెంకు గుడ్లు, వంద పైచిలుకు. సంచిలోకి ఒక్కొక్కటే చేర్చి, గుంత లోతు కొలిచారు. అదెందుకని మావాడే అడిగాడు. గుడ్లను భద్రంగా పొదిగించే చోటు, అంటే హేచరీలోనూ అంతే లోతున పాతాలట. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుందని, వేడెక్కువైతే ఆడవి పుడతాయని ఆ అమ్మాయి చెప్పింది. వాడు వెంటనే అరచెయ్యి గుంతలో పెట్టి చూశాడు.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయి. మామూలుగా అయితే అది సముద్రమే, కానీ ఇక్కడ వీధిదీపాలు వాటిని రోడ్డు మీదికి లాగుతాయి. గుడ్లను హేచరీకి మార్చడానికి అదొక కారణం.

తెల్లారాక వాడు నెల్లూరులో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, "మన తీరానికీ వస్తాయట, ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేది సాయంత్రాలే కాబట్టి, అది చూడ్డానికి వాడి చెల్లెల్ని కూడా తీసుకెళ్తున్నాం.