నేల టిక్కెట్టు కార్లు

కొన్నేళ్ల కిందట, సూరత్ మగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన మా అన్నయ్య (మా బరంపురంలో ఇటువంటి అన్నయ్యలు వీధికొకరు ఉంటారు) మమ్మల్ని అహ్మదాబాద్ తీసుకెళ్లి, థల్తేజ్‌లో 1973లో మొదలైన డ్రైవ్-ఇన్ థియేటర్‌లో (కారు లోపలికి తీసుకెళ్లి, అందులోనే కూర్చుని చూసే హాలు) సినిమా చూపించాడు. ఆరుబయట తెర కాబట్టి చీకటి పడితే తప్ప బొమ్మ పడదు. వేసవిలో అక్కడ సూర్యుడు మా ఊరికంటే దాదాపు గంట ఆలస్యంగా అస్తమిస్తాడు. అమ్మ భోజనం వేళ దాటిపోతున్నా పడమటి ఆకాశం తెల్లగానే ఉంది.

ఆ ఖాళీ సమయమంతా నేను కార్లు నిలిపే నేలనే పరిశీలించాను. 1933లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో తొలి డ్రైవ్-ఇన్ తెరిచిన రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ పేటెంటులో అసలు కీలకం తెర కాదు, నేల అమరికే: వరుసవరుసకూ మట్టిని వాలుగా పోసి, కారు ముందు చక్రాలు కాస్త ఎత్తున నిలిచేలా చేస్తే, ముందున్న కారు పైకప్పు మీదుగా వెనుకవారికి తెర కనబడుతుంది. తొలినాళ్లలో మాటలు తెర దగ్గరి స్పీకర్ల నుంచే వచ్చేవి గనుక, వెనుక వరుసలకు పెదవులు కదిలిన తరువాత గాని చేరేవి కావు. ఆపైన కిటికీకి తగిలించే చిన్న స్పీకర్లు, తరువాత ఎఫ్.ఎం. రేడియో వచ్చాయి.

కారులో కూర్చోవడం మాత్రం నాకు నచ్చలేదు. అద్దంమీద వైపర్ మిగిల్చిన దుమ్ముచార నాయిక ముఖానికి అడ్డంగా పడింది. తలుపులు మూస్తే ఉక్క, తీస్తే దోమలు. చివరకు వదిన కారు పక్కన దుప్పటి పరిచి జంతికల డబ్బా తెరిచింది. "ఇంత ఖర్చుపెట్టి నేల టిక్కెట్టుకే వచ్చామన్నమాట" అని అమ్మ హాయిగా కాళ్లు చాపుకుంది.